మోకాలి మీద చెయ్యి

మౌలాలి, సికింద్రాబాద్
23 జూన్ 2025

ఢిల్లీలో ఉన్న నా రిపోర్టరు బిడ్డ హదస్సాకు, డాడీ రెండు చేతులూ నీ తల మీద పెట్టి రాస్తున్న ఉత్తరం.

తల్లీ, నువ్వు రైలెక్కినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. దిగులుతో కాదు, సంతోషంతో. పడుకుంటే నవ్వొస్తుంది. ఒక్కణ్ణే నవ్వుతున్నానని లేచి కూర్చుంటాను, అప్పుడు ఇంకా నవ్వొస్తుంది.

పన్నెండేళ్లు పేపరుకు కంట్రిబ్యూటరుగా తిరిగావు. నీ వార్తల కింద ఏనాడూ నీ పేరు వెయ్యలేదు, ‘మా ప్రతినిధి’ అని వేసేవాళ్లు. నేను లైబ్రరీలో పక్కనున్న వాళ్లకు ఆ ముక్క మీద వేలు పెట్టి, ఈ ప్రతినిధి మా అమ్మాయే అని చెబితే, అవునా అని పేజీ తిప్పేవాళ్లు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఏరిన వాళ్లలో నీ పేరు ఇంటిపేరుతో సహా వేశారు. రాజేందర్ సారు లైబ్రరీ కంప్యూటరులో చూపించాడు. తెర మీద నీ పేరును వేలితో తాకబోతే, మరకలు పడతాయి పెద్దాయనా అన్నాడు.

అసలు ఆ ప్రకటన నా కంట పడకపోతే ఏమయ్యేది చెప్పు. తొమ్మిదో పేజీలో, టెండర్ల కింద, చీమ తలకాయంత అక్షరాలు. ప్రాంతీయ భాషల విలేకరులకు ఫెలోషిప్, తొమ్మిది నెలలు ఢిల్లీలో బస, ఒక పెద్ద రిపోర్టు రాయాలి అని. రాజేందర్ సారు అటు తిరగ్గానే కత్తిరించాను. అది తప్పే. కానీ దేవుడు దాన్ని తప్పు కింద రాసుకోలేదనుకుంటా, రాసుకుంటే నీకు అది వచ్చేదే కాదు.

నిన్న చర్చిలో కృతజ్ఞత చెల్లించాను. అందరికీ కేకు ముక్క, మిక్చరు. సాక్ష్యం చెప్పడానికి లేచినవాణ్ణి ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు. పాస్టరు రోనాల్డ్ అయ్యగారు వాచీ వైపు వేలు చూపించారు. నేను ఆయన వాచీ బాగుందన్నట్టు తలూపి మళ్లీ మొదలుపెట్టాను. మీ అమ్మ ప్రిసిల్లా ఉంటే పక్కన కూర్చుని నా మోకాలు నొక్కేది. నేను ప్రార్థనలో ఉండగా ఆమె చెయ్యి నా మోకాలి మీదికి వచ్చేది, నీకు గుర్తుందా. ఇద్దరం ఒకే ప్రార్థనలో ఉన్నామని ఆమె నాకు తెలిపే పద్ధతి అది. ఆమె పోయిన మూడేళ్లలో నాకు అన్నిటికంటే వెలితి ఆ చెయ్యే.

ఫోను చెయ్యలేదని అలగకు. లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెల కింద సుత్తి మోతకు పోయిన చెవులివి. ఫోనులో నీ గొంతు సీసాలో పడిన ఈగలా ఉంటుంది. డాక్టరిచ్చిన మిషను పెడితే ఈల వేస్తుంది. నువ్వు రాసిన అక్షరమైతే నాకు పూర్తిగా వినపడుతుంది. అందుకని రాయి.

ఈ ఉత్తరంలో రెండు ముక్కలు మడిచి పెట్టాను. ఒకటి వారపత్రిక వాళ్ల కథల పోటీ. రెండోది ఆడ విలేకరులకు ఏదో బహుమతి, దరఖాస్తు పంపమంటున్నారు. ఢిల్లీలో ఉన్నావని ఇవి వదిలెయ్యకు.

నీ పేరు కోసం పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికే,
డాడీ (ఎం. జీవరాజు)

✦

న్యూఢిల్లీ
2 జూలై 2025

డాడీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనం ముందు వచ్చింది. చదివేసరికి మెస్‌లో రాజ్మా అయిపోయింది. పర్వాలేదు, ఇక్కడ రాజ్మా రేపు కూడా ఉంటుంది, ఎల్లుండి కూడా ఉంటుంది. నా గదిలో ఒడిశా అమ్మాయి, అస్సాం అమ్మాయి. వాళ్ల నాన్నలెవరూ ప్రకటనలు కత్తిరించి పంపరట. నీ ముక్కలు చూసి ఇద్దరూ కుళ్లుకున్నారు.

డాడీ, ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. రెండుసార్లు చదువు.

నేను రాయబోయే రిపోర్టు మన ఊరి అంచున ఉన్న ఒక మందుల కంపెనీ గురించి. తేదీ దాటిపోయి షాపుల నుంచి వెనక్కి వచ్చిన మాత్రలకు కొత్త అట్టలు తొడిగి, కొత్త తేదీ కొట్టి మళ్లీ అమ్ముతున్నారు. పల్లెల్లో ముసలివాళ్లు బీపీకి, షుగరుకి వేసుకునే మాత్రలవి. ఈ సంగతి నాకు చెప్పింది మన చర్చి క్వయర్‌లో పాడే దేవకృప. ఆమె అక్కడ ప్యాకింగ్‌లో పని చేస్తుంది. భర్త ఆషర్ పోయాక అల్వాల్‌లో ఆ ఇల్లంతా, అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఆమె ఉద్యోగం మీదే బతుకుతున్నారు. అయినా చెప్పింది. మా అత్త వేసుకునే మాత్రలు కూడా ఇవే అక్కా అంది. ఆ ఒక్క మాటతో నేను దరఖాస్తు రాశాను.

అక్కడ గేటు దగ్గర ఫోన్లు చూస్తారు. అందుకని ఫొటోలు, మెసేజ్‌లు వద్దనుకున్నాం. పాత తేదీ, కొత్త తేదీ ఉన్న అట్టలు కొన్ని ఒక కవర్లో పెట్టి నీకిస్తుంది. నువ్వు స్పీడ్‌పోస్టులో నాకు పంపు. నీకు తప్ప ఇంకెవరికీ ఈ పని చెప్పలేను.

ఆమె పేరు బయటికి వస్తే ఆమె ఉద్యోగం పోతుంది. రిపోర్టు అచ్చయ్యాక కూడా ఆమె పేరు ఉండదు. ఈ సంగతి నీకూ, నాకూ, దేవుడికీ తప్ప నాలుగోవాళ్లకు తెలియకూడదు. ఇంక సాక్ష్యాల్లో నా పని గురించి చెప్పకు డాడీ. ఫెలోషిప్ వచ్చిందని చెప్పావు, చాలు.

మాత్రలు వేళకు వేసుకో. అట్ట మీద తేదీ చూసి వేసుకో.

హదస్సా

✦

మౌలాలి
14 జూలై 2025

నా ధైర్యవంతురాలైన తల్లికి, నీ కింద పని చేసే కొత్త విలేకరి జీవరాజు రాయునది.

నవ్వకు. పోస్టాఫీసు వరసలో ఆ కవరు పట్టుకుని నిలబడితే నాకు అలాగే అనిపించింది. డెబ్భై ఒకటో ఏట, ఎనిమిదో తరగతి చదువుతో, పేపరు పనిలో నాకూ ఒక చెయ్యి పడిందని.

దేవకృప మంగళవారం వచ్చింది. బైబిలు సంచిలో కవరు. నేను గుమ్మంలోనే ఏదో అడగబోతే పెదవి మీద వేలు పెట్టి, నా పలక మీద సుద్దతో ‘అంకుల్, లోపలికి వెళ్దాం’ అని రాసింది. టీ పెడతానంటే తనే పెట్టింది. ఆ అమ్మాయి చేతులు చూశావా, వేళ్ల చివరలన్నీ అట్టలు చింపీ చింపీ గీతలు పడ్డాయి. ఆ చేతులతోనే ఆదివారం పాటల పుస్తకం పట్టుకుంటుంది.

మన పక్క వాటా తుకారాం నేను పోస్టాఫీసుకు పోతుంటే గేటు దగ్గర ఆపాడు. నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి, “ఏందన్నా, గా లిఫాఫల బంగారం ఉన్నదా, గట్ల పట్టుకున్నవ్?” అన్నాడు. కాగితాలు అన్నాను. “కాగితాలకే ఇంత పరేషాన్ అయితే బంగారం దొరికితే ఏం జేస్తవ్?” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఒక్క ముక్క చెప్పలేదు. రోజూ కలిసి టీ తాగే మనిషికి చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో నీకు తెలియదు.

నిన్న లష్కర్ బోనాలు. బస్సులన్నీ అటూ ఇటూ మళ్లించారు. నాకు డప్పు వినపడదు గానీ ఎదురుగా నిలబడితే గుండెల్లో కొడుతుంది. తుకారాం మనవరాలు భవాని బోనం ఎత్తుకుంది, ఆ పిల్లకు ఈసారి బ్యాంకు పరీక్ష.

నువ్వు చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తున్నాను. మనుషులకు చెప్పలేదు, దేవుడికి చెబుతున్నాను. మొన్న శుక్రవారం ఉపవాస కూడికలో చివర, ఎవరి భారం వాళ్లు మౌనంగా దేవుని ముందు పెట్టండి అని అయ్యగారు సైగ చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకుని, లోలోపలే, దేవకృప పేరు, ఆ కంపెనీ పేరు, ఆ మాత్రల సంగతి, నువ్వు రాయబోయేది, అన్నీ వరసగా ఆయన ముందు పెట్టాను. దేవుడికి సగం చెప్పి సగం దాచడం ఏం మర్యాద. దేవకృప ఆ రోజు డ్యూటీలో ఉంది, ఉంటే ఆమె పేరు తలుచుకుంటూ ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి.

కళ్లు తెరిచేసరికి అందరూ నా వైపే చూస్తున్నారు తల్లీ. మనసు పెట్టి ప్రార్థిస్తే ముఖం మీద వెలుగు కనపడుతుందంటారు, అదేనేమో. ప్రేమమణి గారైతే నా భుజం తట్టి కళ్లొత్తుకుంది.

లోపల పెట్టింది జర్నలిజం స్కూలు ప్రకటన. నీకు కాదు, నీ కింద పని చేసే నాకు పనికొస్తుందేమోనని.

ఇట్లు,
మౌలాలి ప్రతినిధి,
డాడీ

✦

న్యూఢిల్లీ
22 జూలై 2025

డాడీ,

కవరు చేరింది. అట్టలు బాగున్నాయి, నాకు కావలసినవే.

శుక్రవారం కూడికకు ఎవరెవరు వచ్చారు? అందరూ నీ వైపు చూశారని రాశావు. ఎవరైనా ఏమైనా అడిగారా? దేవకృపకు ఫోన్ చేశాను, అంతా మామూలుగానే ఉందంది.

ఒక్క మాట అడుగుతాను, కాదనకు. కొన్నాళ్లు ఇంట్లోనే ప్రార్థన చేసుకో డాడీ. తలుపు, కిటికీ వేసుకుని. చర్చికి వెళ్లినా మౌన ప్రార్థన దాకా ఉండకుండా వచ్చెయ్యి. అమ్మ కూడా నీ పక్కన లేదు కదా. ఎందుకని అడగకు, నా కోసం చెయ్యి.

ఇక్కడ ఎడిటర్లు రోజూ క్లాసులు చెబుతున్నారు. నా తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చేసరికి అందులో మనిషి పోయి సమాచారం మిగులుతోంది. ఆ సంగతి తర్వాత రాస్తాను.

హదస్సా

✦

మౌలాలి
30 జూలై 2025

హదస్సాకు డాడీ.

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. ప్రతిసారీ చిన్నదే ఉంది.

చర్చికి వెళ్లవద్దంటావు. వెళ్లినా మధ్యలో లేచి రమ్మంటావు. పెద్ద చదువులవాళ్ల మధ్యకు పోతే దేవుడంటే సిగ్గేస్తుందని ఎవరో అంటే నేను నమ్మలేదు. నీకు ఉద్యోగం లేని రోజుల్లో, నీ పేరు వెయ్యని రోజుల్లో, మనం ఏ బెంచీ మీద కూర్చుని ఏడ్చామో మరిచిపోయావా. మీ అమ్మ నా పక్కన లేదని గుర్తు చేశావు. లేదు కాబట్టే వెళుతున్నాను. ఆ బెంచీ మీద ఆమె కూర్చున్న చోటు ఖాళీగా వదిలి కూర్చుంటాను.

కోపం కాదు తల్లీ. నా బిడ్డ గొప్పదైంది, గొప్పవాళ్లకు కొన్ని పోతుంటాయి అనుకుంటున్నాను. అందుకని ప్రార్థన తగ్గించలేదు, పెంచాను. ఇప్పుడు దేవకృపతో పాటు నీ విశ్వాసం కోసం కూడా ప్రార్థిస్తున్నాను. శుక్రవారం కూడికకు ఎవరొచ్చారని అడిగావు. ఎప్పుడూ వచ్చేవాళ్లే. మనవాళ్లే.

దేవకృప రెండు ఆదివారాలుగా క్వయర్‌లో లేదు. జ్వరమేమో. ఊళ్లో అందరికీ జ్వరాలు.

ఈసారి ముక్కలేమీ దొరకలేదు. నిజం చెప్పాలంటే దొరికింది, పంపబుద్ధి కాలేదు. రేపటికి కోపం పోతే పంపుతాను.

డాడీ

మర్నాడు: కోపం పోయింది. పంపుతున్నాను. అనువాదాలకు బహుమతి ఇస్తారట. నీ వాక్యంలోంచి మనిషి పోకుండా చూసుకో.

✦

న్యూఢిల్లీ
18 ఆగస్టు 2025

డాడీ,

దేవకృపకు జ్వరం కాదు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆమె నాకు సంగతులు చెబుతోందని కంపెనీలో తెలిసిపోయింది. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, తను విలేకరికి చెప్పినవన్నీ అబద్ధాలని కాగితం రాయించుకున్నారు. రాయకపోతే దొంగతనం కేసు పెడతామన్నారు, అట్టలు బయటికి తెచ్చింది కదా. పిల్లల ముఖం చూసి సంతకం పెట్టింది. ఇప్పుడు ఆమె మాట లేకపోతే నా దగ్గరున్నవి ఉత్త అట్టముక్కలు. గోడౌను కూడా ఈపాటికి కడిగేసి ఉంటారు.

ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఎవరో చెప్పి ఉంటారు. నువ్వు దాని గురించి ఆలోచించకు, ఎవరినీ అడగకు.

నాకు దేవుడంటే సిగ్గు కాదు డాడీ. ఎప్పుడూ కాదు.

వీలైతే ఒకసారి ఆమె ఇంటికి వెళ్లు. ఫోన్ చేస్తే, బాగున్నాను అక్కా అని మాత్రమే అంటోంది.

హదస్సా

✦

మౌలాలి
1 సెప్టెంబర్ 2025

తల్లీ,

నీ ఉత్తరం అందిన రోజు నేను అన్నం ముట్టలేదు. మర్నాడు బోయిన్‌పల్లి మార్కెట్లో వంకాయలు, టమాటాలు, పిల్లలకు అరటిపళ్లు కొనుక్కుని అల్వాల్ వెళ్లాను. దేవకృప పక్కింటి వాళ్ల జాకెట్లకు హుక్స్ కుడుతూ కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. వాళ్ల అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది, నేనున్నంతసేపూ ఇటు తిరగలేదు.

నిన్ను పట్టించింది ఎవరమ్మా అని అడిగాను. నా చేతిలోని పలక తీసుకుంది. ‘మీరు బాధపడకండి అంకుల్’ అని రాసింది. పేరు రాయలేదు. ఎంత పెద్ద మనసు చూడు, తన కడుపు కొట్టినవాడి పేరు కూడా కాపాడుతోంది.

ఆలోచించవద్దన్నావు గానీ ఎలా ఊరుకోను. కవరు సంగతి మనం ముగ్గురం కాక ఎవరికి తెలుసు? గేటు దగ్గర నన్ను ఆపి లోపల ఏముందని అడిగింది ఎవరు? తుకారాం. పదహారేళ్లు ఒకే పంపు నీళ్లు తాగాం. అయినా వాడు కాక ఎవరు? మొన్న వినాయక చవితికి ఉండ్రాళ్లు పట్టుకొస్తే తలుపు తియ్యలేదు. కిటికీలోంచి చూశాను, గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు. సాయంత్రం టీకి పోవడం మానేశాను.

కానీ తుకారాం తీసుకుపోయిన మాట ఆ కంపెనీకి ఎలా చేరుతుందని ఇంకో అనుమానం. మన చర్చిలో కూడా ఎవరో కలిశారని అనిపించింది. అందుకని నిన్న ఆదివారం, ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాను. మన సంఘంలో ఒక విధవరాలి నోటి ముందు కూడు తీసేసిన మనిషి ఉన్నాడు, ఉంటే దేవుని ముందు లేచి నిలబడాలి అన్నాను. ఒక్కరు కూడా లేవలేదు. ఒక్కరు కూడా తల ఎత్తలేదు తల్లీ. అయ్యగారు బైబిలు వైపు చూస్తున్నారు. ప్రేమమణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరిదీ తప్పే అన్నట్టు అందరూ నేల చూపులే.

అప్పుడు ఎవరు కదిలారో తెలుసా. దేవకృప. చాలా వారాల తర్వాత నిన్నే వచ్చింది, వెనక బెంచీలో కూర్చుంది. లేచి పాట ఎత్తుకుంది. నాకు వినపడలేదు, నోరు కదలడం చూశాను. ఒక్కొక్కరే లేచి ఆమెతో కలిశారు. నేను మాత్రం కూర్చున్నాను. ఎవరో ఒకరు సిగ్గుపడకూడదని ఆ బిడ్డ అడ్డం నిలబడింది.

ఊరుకోను. వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతాను. వాడు లేచేదాకా అడుగుతాను.

డాడీ

✦

న్యూఢిల్లీ
9 సెప్టెంబర్ 2025

డాడీ,

నీ ఉత్తరం నిన్న అందింది. అందగానే రోనాల్డ్ అయ్యగారికి ఫోన్ చేశాను. మొన్న ఆదివారం నువ్వు లేవబోతే ప్రకటనలే ఆపేసి ప్రార్థనలోకి వెళ్లిపోయానని ఆయన చెప్పారు. నువ్వు ఇంకో ఆదివారం లేవకూడదు. తుకారాం అంకుల్ ఇంకో పండక్కి నీ గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడకూడదు. అందుకని చెబుతున్నాను. దేవకృప నా చేత ఒట్టు వేయించుకుంది చెప్పనని. ఆ ఒట్టు తీసి పక్కన పెడుతున్నాను.

మౌన ప్రార్థనలో నీ గొంతు బయటికి వస్తుంది డాడీ.

నువ్వు మనసులో అనుకుంటున్నానని అనుకుంటావు. కానీ పైకే అంటావు. సన్నగా కూడా కాదు. వర్క్‌షాపులో సుత్తి మోత మీద మాట్లాడిన గొంతు అది. జూలైలో ఆ శుక్రవారం హాలంతా నిశ్శబ్దంగా ఉంది, దేవకృప పేరు, కంపెనీ పేరు, మాత్రల సంగతి అందరూ విన్నారు. అందుకే నీ వైపు చూశారు.

ప్రేమమణి ఆంటీ వాళ్ల అబ్బాయి ఎరిక్ ఆ కంపెనీ ఆఫీసులోనే గుమస్తా. అది నాకు తర్వాత తెలిసింది. ఆంటీ ఇంటికి వెళ్లి, అలాంటి చోట పని మానెయ్ నాయనా అని ఏడ్చిందట. ఎరిక్ భయపడ్డాడు. తెలిసి కూడా చెప్పలేదని రేపు తన మీదికి వస్తుందని ముందే మేనేజరుకు చెప్పేశాడు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు లేరు, అదే నాకు మింగుడు పడటం లేదు.

తప్పు నాది. నీకూ నాకూ దేవుడికీ అని రాసింది నేను. నువ్వు దేవుడితో ఎలా మాట్లాడతావో తెలిసి రాశాను. జూలైలో నీ ఉత్తరం చదివినప్పుడే జరిగింది నాకు అర్థమైంది. అప్పుడైనా సూటిగా చెప్పకుండా, తలుపులు వేసుకో, లేచి వచ్చెయ్యి అని తిప్పి తిప్పి రాశాను. చిన్నప్పుడు నేనొకసారి చర్చిలో నీ గొంతు విని నవ్వితే, అమ్మ ఇంటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి చెప్పింది. మీ డాడీకి ఎప్పుడూ చెప్పకు, చెవులతో పని లేకుండా ఆయన చేసుకునే పని అదొక్కటే, అదీ తీసెయ్యకు అని. సంఘమంతా కూడా అందుకే చెప్పలేదు. మొన్న నువ్వు లేచి అడిగినప్పుడు కూడా అందుకే తల ఎత్తలేదు.

ఆ రిపోర్టు రాయనని ఇక్కడ చెప్పేశాను. వేరే అంశం తీసుకోమన్నారు. నాకింకా చెయ్యి ఆడటం లేదు.

డాడీ, కోపమొస్తే నా మీద కోప్పడు. కానీ రాయి.

హదస్సా

✦

మౌలాలి
22 సెప్టెంబర్ 2025

హదస్సా తల్లికి,

ఆలస్యమైంది. మొదలుపెట్టినవి రెండు చింపేశాను.

నువ్వు చెప్పింది నమ్మడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ రాత్రి ప్రార్థనకు కూర్చుని, లోలోపలే మొదలుపెట్టి, గొంతు మీద వేళ్లు పెట్టుకుని చూశాను. అదురుతోంది.

పొద్దున్నే తుకారాం గుమ్మంలో నిలబడ్డాను. నోరు తెరవడానికి భయమేసి పలక మీద రాసి చూపించాను, నిన్ను అనుమానించాను, క్షమించు అని. వాడు చదివి, పలక పక్కన పెట్టి, స్టూలు జరిపాడు. నా చెవి దగ్గర, “పాగల్ గానివా అన్నా? గోడ అవతల నేను రోజు ఇంటలేనా నీ గొంతు? గా కంపెనీ ముచ్చట నాకు పోస్టాఫీసుకు నువ్వు పోకముందే ఎరుక. ఎవ్వనికన్న చెప్పిన్నా?” అన్నాడు. నేను తల దించుకున్నాను. “మా భవాని పరీక్ష పాస్ గావాలని సుత మొక్కినవ్ గద. రోజు పొద్దుగాల పిల్లను లేపి, అగో, తాత నీ పేరు జెప్తుండు, లే, సదువుకో అంటుంటి. చాయ్ సల్లగైతది, తాగు” అన్నాడు.

తాగాను తల్లీ.

అక్కడి నుంచి అల్వాల్. దేవకృప ముందు కూడా పలక మీదే రాశాను. ఆ పిల్ల చదవకుండానే తడిగుడ్డతో తుడిచేసింది. మళ్లీ రాశాను. మళ్లీ తుడిచేసింది. వాళ్ల అత్తగారు మాత్రం ఈసారి ఇటు తిరిగింది. ఏదో అంది. ఏమందో నాకు వినపడలేదు, దేవకృప చెప్పలేదు. వినపడకపోవడం మంచిదే అని మొదటిసారి అనిపించి, అలా అనిపించినందుకు సిగ్గేసింది. అది కూడా నేను వినాల్సిందే.

వచ్చేటప్పుడు దేవకృప పలక మీద నీకు ఒక మాట రాసింది. ‘అక్కను రాయడం ఆపొద్దని చెప్పండి.’ తన సంగతి మాత్రం ఎక్కడా రాయవద్దంది. రెండూ చెప్పమంది, చెబుతున్నాను. ఆమెకు ఇంకా పని దొరకలేదు. అలాంటి కంపెనీల్లో ఒకచోట తీసేస్తే ఇంకోచోట గేటు దాకా కూడా రానివ్వరట. నా వల్ల పోయింది నేను తెచ్చి ఇవ్వలేను. హుక్స్ కుట్టే పని రెండు వీధులు తిరిగి అడిగి తెస్తున్నాను, అంతే.

నిన్న వీధిలో మొదటి రోజు బతుకమ్మ. పూల చుట్టూ ఆడవాళ్ల చప్పట్లు చూస్తూ గేటు దగ్గర నిలబడ్డాను. చర్చికి వెళ్లలేదు. అయ్యగారు వచ్చి, మీ బెంచీ ఖాళీగా ఉందండీ అని నా చెవిలో అన్నారు. తుకారాం ఉన్నాడక్కడే. “నేనొచ్చి పక్కన కూసుంట అయ్యగారూ, గొంతు లేస్తే గిచ్చుత” అని నాకూ వినపడేలా అరిచాడు. అయ్యగారు నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చే ఆదివారం వెళతానో లేదో తెలియదు.

ఇంట్లో ఇప్పుడు నోరు గట్టిగా మూసుకుని, తువ్వాలు అడ్డం పెట్టుకుని ప్రార్థిస్తున్నాను. నా మాట దేవుడికి చేరుతోందో లేదోనని కొత్తగా భయమేస్తోంది. ఇన్నేళ్లలో ఏనాడూ లేని భయం.

నువ్వు ఢిల్లీ వదిలి రాకు. ఆ ప్రకటన కత్తిరించింది నేను. దాన్ని కూడా నేనే పాడు చేశానన్న మాట మిగల్చకు. వేరే అంశం ఏదైనా తీసుకో, నీ పేరు వెయ్యనీ. దేవకృప రాయమంది.

తప్పు నీదని రాశావు. కాదు. మీ అమ్మది కూడా కాదు. కానీ ఆమె సంగతి ఒకటి నీకు చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. పెళ్లయిన కొత్తలో, వర్క్‌షాపులో చేరిన రెండో ఏడో మూడో ఏడో, చర్చిలో మొదటిసారి ఆమె చెయ్యి నా మోకాలి మీద పడింది. అప్పటి నుంచి ఆమె పోయేదాకా ప్రతి ఆదివారం. నా ప్రార్థన ఆమెను తాకిందని పొంగిపోయేవాణ్ణి. ఇంకాస్త తాకాలని చూసేవాణ్ణి. ఆ చెయ్యి ఎంత గట్టిగా నొక్కితే, నేను అంత గట్టిగా ప్రార్థించేవాణ్ణి తల్లీ.

డాడీ